మణికట్టు విరిగిందా? కట్టు విప్పేలోపు ఎముకల సంగతి అడగండి: పాఠకుల ప్రశ్నలు, డాక్టర్ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే విషయం మీద ఉన్నాయి, యాభై దాటిన ఆడవాళ్ళు పడిపోవడం, మణికట్టు విరగడం, ఆ తర్వాత ఏం చెయ్యాలో ఎవరూ సరిగ్గా చెప్పకపోవడం. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: నాకు 57 ఏళ్ళు. తడి నేల మీద కాలు జారి, కుడి చెయ్యి ఆనించి పడ్డాను, మణికట్టు దగ్గర విరిగింది. సిమెంటు కట్టు వేశారు, ఆరు వారాల్లో అతుక్కుంటుంది ఇంకేం భయం లేదు అన్నారు. మా అక్కేమో ఎముకల పరీక్ష చేయించుకోమని ఒకటే పోరు పెడుతోంది. జారి పడ్డాను కాబట్టి విరిగింది, దానికి పరీక్షెందుకు డాక్టర్ గారూ?

జవాబు: మీ అక్క మాటే వినండమ్మా. జారి పడ్డారు నిజమే, కానీ నిలబడ్డ ఎత్తు నుంచి పడినంత మాత్రాన గట్టి ఎముక మామూలుగా విరగదు. బండి మీద నుంచి పడితేనో మేడ మీద నుంచి పడితేనో విరిగిందంటే అది దెబ్బ వల్ల అనుకోవచ్చు, ఇంట్లో నడుస్తూ నడుస్తూ పడి విరిగిందంటే మాత్రం ఎముక గుల్లబారిందేమో అని అనుమానించి తీరాలి. "జారాను కాబట్టి విరిగింది" అని పేషెంటూ అనుకుంటారు, ఒక్కోసారి డాక్టరూ అలాగే అనుకుని కట్టు వేసి పంపించేస్తారు, అసలు చిక్కంతా అక్కడే వస్తోంది.

మణికట్టే ముందు ఎందుకు విరుగుతుందో కొంచెం వివరంగా చెప్తాను. ముంజేతిలో బొటనవేలు వైపు ఉండే ఎముకని రేడియస్ అంటారు, మణికట్టు దగ్గర దాని చివర్లో పైన పలచటి గట్టి పొర, లోపల తేనెతుట్టెలాగా గదులు గదులుగా ఉండే మెత్తటి ఎముక ఉంటాయి. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గిపోతుంది కదా, అప్పుడు ఆ గదుల గోడలే ముందు పలచబడి తెగిపోతాయి, ఎందుకంటే శరీరంలో ఎముకని కరిగించే కణాల మీద ఈస్ట్రోజెన్ పెట్టే అదుపు పోతుంది, అవి కరిగించే వేగానికి కట్టే కణాలు అందుకోలేవు. నెలసరి ఆగాక మొదటి ఐదు నుంచి ఏడేళ్ళలో కొంతమందికి ఎముక సాంద్రత 20 శాతం దాకా తగ్గిపోవచ్చు. దీనికి నొప్పి ఉండదు, వాపు ఉండదు, బయటికి ఏమీ తెలీదు. చాలామంది మోకాళ్ళ నొప్పులు చూసి నా ఎముకలు గుల్లబారాయి అనుకుంటారు, అది కీళ్ళ అరుగుదల, వేరే జబ్బు. ఎముకలు గుల్లబారడం, దీన్నే ఆస్టియోపొరోసిస్ అంటాం, విరిగేదాకా మాట్లాడని జబ్బు.

ఇంకో సంగతి. యాభైల్లో, అరవైల మొదట్లో పడేటప్పుడు చెయ్యి చటుక్కున ముందుకొస్తుంది, ఒంటి బరువంతా అరచేతి మీద పడి మణికట్టు విరుగుతుంది. డెబ్బై ఐదు, ఎనభై దాటాక చెయ్యి అంత త్వరగా రాదు, పక్కకి కూలబడిపోతారు, అప్పుడు విరిగేది తుంటి. అంటే మణికట్టు విరగడం చాలామందిలో తుంటి విరగడానికి పదీ పదిహేనేళ్ళ ముందే వచ్చే హెచ్చరిక అన్నమాట. ఒకసారి ఇలా విరిగిన వాళ్ళకి ఇంకోటి విరిగే ప్రమాదం విరగని వాళ్ళతో పోలిస్తే సుమారు రెట్టింపు ఉంటుంది, అదీ మొదటి రెండేళ్ళలో మరీ ఎక్కువ. ఈ రకం ఫ్రాక్చర్ని 1814లోనే డబ్లిన్ సర్జన్ అబ్రహాం కాలిస్ ఎక్స్‌రే అనేదే లేని రోజుల్లో చేత్తో పట్టుకుని చూసి వర్ణించాడు, అందుకే ఇప్పటికీ కాలిస్ ఫ్రాక్చర్ అంటాం. ఎముక అతికించడం మనకి ఎప్పట్నుంచో తెలుసు, ఎందుకు విరిగిందని అడగడం మాత్రం ఇప్పటికీ మర్చిపోతున్నాం, ఆ సంగతి తల్చుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

కాబట్టి కట్టు విప్పించుకోవడానికి వెళ్ళినప్పుడు మీరే నోరు తెరిచి అడగండి, "నాకు ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ రాస్తారా, ఎముకలు బలహీనపడటానికి ఇంకేమైనా కారణం ఉందేమో రక్తపరీక్షలు చేయిస్తారా" అని. స్కాన్ నడుం దగ్గరా తుంటి దగ్గరా తీస్తారు, పది పదిహేను నిమిషాల పని, నొప్పి ఉండదు, రేడియేషన్ చాలా తక్కువ. చెయ్యి దగ్గర కూడా తీయాల్సి వస్తే విరగని చేతికే తీయించుకోవాలి. మడమ మీద పెట్టి చూసే చిన్న అల్ట్రాసౌండ్ మిషన్లు ఉంటాయి, వాటితో అనుమానం వస్తుందేమో గానీ జబ్బు ఉందో లేదో తేల్చలేం, దాంతో సరిపెట్టుకోకండి.

రక్తపరీక్షల్లో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, విటమిన్ డి, థైరాయిడ్, పారాథైరాయిడ్ హార్మోన్, మామూలు రక్తం కౌంట్ చూస్తారు. ఇవి ఊరికే రాసేవి కాదు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా, పారాథైరాయిడ్ గ్రంథిలో గడ్డ ఉన్నా, పేగులు కాల్షియం సరిగ్గా పీల్చుకోకపోయినా, అరుదుగా మైలోమా లాంటి రక్త క్యాన్సర్ ఉన్నా ఎముక బలహీనపడుతుంది, అప్పుడు ముందు దానికి వైద్యం చెయ్యాలి. ఆస్తమాకో కీళ్ళవాతానికో స్టెరాయిడ్ మాత్రలు మూడు నెలలకి మించి వాడి ఉంటే, రొమ్ము క్యాన్సర్ తర్వాత హార్మోన్ని తగ్గించే మాత్రలు వాడుతుంటే, 45 ఏళ్ళ లోపే నెలసరి ఆగిపోయినా లేదా ఆపరేషన్లో అండాశయాలు తీసేసినా, మీ అమ్మగారికో నాన్నగారికో తుంటి విరిగి ఉన్నా ఆ సంగతులన్నీ వాళ్ళు అడక్కపోయినా మీరే చెప్పండి.

ప్రశ్న: మా అక్క వయసు 62, పోయినేడాది మణికట్టు విరిగింది. స్కాన్లో టి స్కోర్ మైనస్ 2.1 వచ్చింది, ఆస్టియోపీనియా మాత్రమే, ఆస్టియోపొరోసిస్ కాదు అని రాసుంది. అంటే మందులు అక్కర్లేదనేగా?

జవాబు: కాదండీ, ఆ అంకె ఒక్కటే చూసి నిర్ణయించకూడదు. టి స్కోర్ అంటే ఆరోగ్యంగా ఉన్న వయసులోని ఆడవాళ్ళ ఎముక సాంద్రతతో పోలిస్తే మీది ఎంత తేడాగా ఉందో చెప్పే అంకె. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లెక్క ప్రకారం మైనస్ 1, ఆ పైన ఉంటే నార్మల్, మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఆస్టియోపీనియా, అంటే సాంద్రత కొంత తగ్గడం, మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందకి గానీ ఉంటే ఆస్టియోపొరోసిస్. ఆ గీత డాక్టర్లు ఒక మాట మీద ఉండటానికి గీసుకున్నది, గీతకి ఇవతల ఉన్నవాళ్ళ ఎముకలు విరగవు అని కాదు. నిజానికి విరిగేవాళ్ళలో చాలామంది ఆస్టియోపీనియా లెక్కలోనే ఉంటారు, ఎందుకంటే ఆ గుంపులో ఉన్న మనుషులే ఎక్కువ. స్కాన్ ఎముక ఎంత ఉందో చెప్తుంది, లోపల అల్లిక ఎంత చెడిపోయిందో పూర్తిగా చెప్పదు. మీ అక్కగారి ఎముక చిన్న దెబ్బకే విరిగి చూపించింది కదా, స్కోర్ కంటే అది బరువైన సాక్ష్యం.

ఫ్రాక్స్ అని ఒక లెక్క ఉంది, షెఫీల్డ్ యూనివర్సిటీ వాళ్ళు 2008లో తెచ్చారు. వయసు, ఎత్తు, బరువు, ఇంతకు ముందు విరిగిన ఎముకలు, తల్లిదండ్రులకి తుంటి విరగడం, పొగతాగడం, స్టెరాయిడ్లు, ఇవన్నీ వేసి వచ్చే పదేళ్ళలో విరిగే అవకాశం ఎంతో చెప్తుంది. డాక్టర్ని దాంతో లెక్క వేయించమనండి. ఇంకోటి, ఆవిడ ఎత్తు కొలిపించండి. వయసులో ఉన్నప్పటి కంటే నాలుగు సెంటీమీటర్లు తగ్గినా, వీపు పైభాగం ముందుకు వంగుతున్నా నడుం, వీపు ఎక్స్‌రే తీయించాలి, వెన్నుపూసలు నొప్పి తెలీకుండానే నలిగిపోతాయి, చాలామంది అది మామూలు నడుం నొప్పి అనుకుని ఊరుకుంటారు. అలాంటిది ఒక్కటి దొరికినా మందు మొదలుపెట్టాలా అన్న చర్చే ఉండదు.

ప్రశ్న: మా అమ్మ వయసు 72. మణికట్టు విరిగి కట్టు వేసి పది రోజులైంది. వేళ్ళు బాగా వాచాయి, కదిపితే ఎముక పక్కకి జరుగుతుందని భయపడి చెయ్యంతా కదలకుండా పెట్టుకుంటోంది. ఎక్స్‌రే చూసి కొంచెం వంకరగా ఉంది, ప్లేటు వేస్తే వెయ్యొచ్చు అన్నారు. ఆపరేషన్ చేయించాలా?

జవాబు: ముందు వేళ్ళ సంగతి, ఇది ఈరోజే మొదలుపెట్టాలి. కట్టు మణికట్టుకే గానీ వేళ్ళకి కాదు. వేళ్ళు పూర్తిగా చాచి పిడికిలి బిగించడం, బొటనవేలిని ఒక్కో వేలి కొసకీ ఆనించడం, మోచెయ్యి ముడిచి చాచడం, భుజం పైకెత్తడం, ఇవి మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి చేయించండి. దీనివల్ల విరిగిన చోటు కదలదు. చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉండేలా దిండ్ల మీద పెట్టించండి, వేళ్ళకి ఉంగరాలు ఉంటే తీయించెయ్యండి. కదపకుండా పెట్టుకున్న చెయ్యి ఎముక అతుక్కున్నా కొయ్యబారిపోతుంది, తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ చేసినా పూర్తిగా రాకపోవచ్చు.

నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగిపోతున్నా, వేళ్ళు నీలంగా చల్లగా అయినా, బొటనవేలు చూపుడువేలు మధ్యవేలు తిమ్మిరెక్కినా పొద్దున్న చూద్దాంలే అనుకోవద్దు, అప్పటికప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళి కట్టు వదులు చేయించాలి. కొన్ని వారాల తర్వాత చెయ్యి మంటలు పుడుతూ, చర్మం మెరుస్తూ, రంగు మారుతూ, ముట్టుకుంటేనే ఓర్చుకోలేనంత నొప్పి ఉంటే దానికి వేరే వైద్యం ఉంది, త్వరగా మొదలుపెడితేనే లాభం. ఇంకోటి చాలామందికి తెలీదు, ఎముక అసలు జరగని చిన్న ఫ్రాక్చర్లో కూడా కొన్ని వారాలకి బొటనవేలిని పైకెత్తే నరం లాంటి తాడు, టెండన్ అంటాం, అరిగి తెగిపోవచ్చు. ఒకరోజు ఉన్నట్టుండి బొటనవేలు పైకి లేవకపోతే సర్జన్కి చూపించాలి.

ఇక ఆపరేషన్. ఆవిడ ఎక్స్‌రే చూడకుండా చెయ్యమనీ వద్దనీ నేను చెప్పకూడదు, కానీ మీరు నిర్ణయించుకోవడానికి ఒక మాట ఉపయోగపడుతుంది. 65 దాటిన వాళ్ళ మీద జరిగిన పరిశోధనల్లో, ప్లేటు వేసిన వాళ్ళ ఎక్స్‌రే చక్కగా కనిపించింది, మొదటి కొన్ని నెలలు చెయ్యి వాడుక కొంచెం త్వరగా వచ్చింది, కానీ ఏడాది గడిచేసరికి కట్టుతో ఉన్నవాళ్ళకీ ప్లేటు వేసినవాళ్ళకీ రోజూ చేసుకునే పనుల్లో పెద్ద తేడా లేదు. అంటే మణికట్టు కొంచెం వంకరగా కనిపించినా పని చెయ్యగలుగుతారు. ఎముక కీలు లోపలికి చీలిపోయినా, బాగా పక్కకి జరిగి నిలవకపోతున్నా, నరం నొక్కుకుంటున్నా, ఆవిడ కర్ర పట్టుకునో వాకర్ పట్టుకునో నడిచే మనిషి అయి ఆ చేతి మీదే బరువు వెయ్యాల్సి ఉన్నా లెక్క మారుతుంది. సర్జన్ని సూటిగా అడగండి, "ప్లేటు వెయ్యకపోతే మా అమ్మ ఏ పని చేసుకోలేదు?" అని. జవాబులో స్పష్టత ఉంటే నిర్ణయం దానంతటదే వస్తుంది. కట్టుతోనే ఉంచితే మాత్రం మొదటి రెండు మూడు వారాలు చెప్పిన తేదీకి ఎక్స్‌రే మానకండి, ఆ రోజుల్లోనే ఎముక జరిగేది.

ఆవిడకి కూడా డెక్సా స్కాన్ చేయించండి, ప్లేటు వేసినా ఎముక గుల్లతనం అలాగే ఉంటుంది.

ప్రశ్న: వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర రాశారు. అది వేసుకుంటే దవడ ఎముక కుళ్ళిపోతుందని, తొడ ఎముక విరుగుతుందని ఎక్కడో చదివి మూడు నెలలుగా డబ్బాలోనే పెట్టేశాను. వయసు 66, రెండేళ్ళ కిందట మణికట్టు విరిగింది.

జవాబు: మీ భయం అబద్ధం మీద పుట్టింది కాదు, ఆ రెండూ నిజంగా ఉన్నాయి. కానీ ఎంతమందికి వస్తాయో చూడండి. ఆస్టియోపొరోసిస్ కోసం ఇచ్చే డోసుల్లో దవడ ఎముక సమస్య ఏడాదికి పదివేల మందిలో ఒకరికో లక్షలో ఒకరికో వస్తుందని అంచనా, మనం వినే కేసుల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కోసం చాలా పెద్ద డోసులు నరంలోకి తీసుకున్న వాళ్ళవి. తొడ ఎముక విరగడం కూడా అరుదే, ఏళ్ళ తరబడి ఆపకుండా వాడితే పెరుగుతుంది. అదే 1996లో వచ్చిన పెద్ద పరిశోధన చూస్తే, అప్పటికే వెన్నుపూస నలిగిన ఆడవాళ్ళలో ఈ మందు వెన్ను, తుంటి, మణికట్టు మూడుచోట్లా విరగడాన్ని సుమారు సగానికి తగ్గించింది. ఒకసారి విరిగిన మీకు ఇంకోసారి విరిగే ప్రమాదం చాలా దగ్గర్లో ఉన్నది, ఆ రెండు ప్రమాదాలు చాలా దూరంలో ఉన్నవి. మాత్రని డబ్బాలో పెట్టడం వల్ల మీరు తప్పించుకున్నది చిన్నదాన్ని.

జాగ్రత్తలు చెప్తాను, అవి పాటిస్తే భయం ఇంకా తగ్గుతుంది. పీకాల్సిన పళ్ళు ఉంటే ముందే పీకించుకుని మానాక మొదలుపెట్టండి, తర్వాత ఎప్పుడు డెంటిస్టు దగ్గరికెళ్ళినా ఈ మందు వాడుతున్నానని చెప్పండి. తొడలోనో గజ్జల్లోనో కారణం లేకుండా వారాల తరబడి సలుపు ఉంటే ఎక్స్‌రే తీయించుకోండి. మాత్ర పొద్దున్నే పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్ళతోనే వేసుకోవాలి, కాఫీ టీ పాలతో కాదు, వేసుకున్నాక అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు, లేకపోతే అన్నవాహిక కాలిపోయి గుండెల్లో మంట వస్తుంది, పైగా మందు ఒంటికి పట్టదు. కాల్షియం మాత్ర అదే సమయంలో అసలు వద్దు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకీ, మింగడం కష్టమైన వాళ్ళకీ ఇది పనికిరాదు. మాత్రలు పడనివాళ్ళకి ఏడాదికోసారి నరంలోకి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఉంది, ఎక్కించిన రోజూ మర్నాడూ జ్వరం ఒళ్ళు నొప్పులు రావచ్చు, కంగారు పడక్కర్లేదు. మాత్ర అయిదేళ్ళు, ఇంజెక్షన్ మూడేళ్ళు వాడాక మళ్ళీ చూసి ప్రమాదం తక్కువగా ఉంటే కొన్నాళ్ళు ఆపొచ్చు.

ఇంకో మందు గురించి ఇక్కడే చెప్పేస్తాను, డెనోసుమాబ్ అని ఆరునెలలకోసారి చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్. బాగా పనిచేస్తుంది, కానీ దీన్ని మధ్యలో మర్చిపోవడం, బాగానే ఉన్నాం కదా అని ఆపెయ్యడం చాలా ప్రమాదం. ఆపగానే ఎముక కరగడం ఒక్కసారిగా ఎగదన్ని వెన్నుపూసలు రెండు మూడు ఒకేసారి నలిగిపోయిన వాళ్ళున్నారు. తేదీకి ఒక నెల మించి ఆలస్యం కాకూడదు, ఆపాలనుకుంటే దాని వెనకే వేరే మందు మొదలుపెట్టాలి. ఈ ఇంజెక్షన్ వాడుతున్న వాళ్ళు ఇంట్లో అందరికీ కనిపించేలా తేదీ రాసి పెట్టండి, దయచేసి.

ప్రశ్న: పదేళ్ళుగా కాల్షియం మాత్రలు వేసుకుంటున్నాను, ఐనా చెయ్యి ఎందుకు విరిగింది?

జవాబు: కాల్షియం ఎముకకి కావాల్సిన సరుకు మాత్రమే అండీ, కరిగిపోవడాన్ని ఆపే మందు కాదు. యాభై దాటిన ఆడవాళ్ళకి రోజుకి 1200 మిల్లీగ్రాములు కావాలి, తిండితో కలిపి. పాలు, పెరుగు, ఆకుకూరలు, నువ్వులు, ముళ్ళతో తినే చిన్న చేపలు ఇవన్నీ లెక్కేసుకుని తగ్గినంత మాత్రమే మాత్రతో పూరించాలి, ఒకేసారి 500 మించి ఒంటికి సరిగ్గా పట్టదు, ఎక్కువ మింగితే కిడ్నీలో రాళ్ళు. కార్బొనేట్ రకం అన్నంతో పాటు వేసుకోవాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు దానికీ దీనికీ నాలుగు గంటలు తేడా ఉంచండి. విటమిన్ డి రోజుకి 600 నుంచి 800 యూనిట్లు, లోపం ఉంటే డాక్టర్ చెప్పినంత. ఎక్కువైతే మంచిదే కదా అని పెద్ద డోసులు మింగొద్దు, 2010లో ఆస్ట్రేలియాలో డెబ్బై, ఆ పైన వయసున్న ఆడవాళ్ళకి ఏడాదికోసారి ఐదు లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే పడిపోవడాలూ పెరిగాయి, ఎముకలు విరగడమూ పెరిగింది.

ప్రశ్న: చెయ్యి విరిగాక మా అత్తగారు (69) నడవాలంటేనే భయపడుతున్నారు. ఎక్కడ పడతానో అని రోజంతా మంచం మీదే. బలవంతంగా నడిపించాలా, వదిలెయ్యాలా?

జవాబు: వదిలెయ్యకండమ్మా, బలవంతమూ పెట్టకండి. మంచం మీద ఉండేకొద్దీ తొడల కండ తగ్గిపోతుంది, కండ తగ్గితే నిజంగానే పడతారు. పక్కన మనిషి ఉండి, గట్టి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకో కదలని గట్టి బల్లకో దగ్గరగా నిలబడి మడమలు ఎత్తడం, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నిలబడటం, ఇవి రోజూ కొద్దికొద్దిగా చేయించండి. ధైర్యం వచ్చాక నడక. వారానికి రెండు మూడు సార్లు చిన్న బరువులు ఎత్తడం కూడా మంచిదే, నిపుణులు చూపిస్తేనే. నడుం నుంచి బాగా ముందుకు వంగడం, వంగి పక్కకి తిరగడం మాత్రం వద్దు, గుల్లబారిన వెన్నుపూసలు దానికి తట్టుకోలేవు.

ఆవిడ అసలు ఎందుకు పడ్డారో కూర్చోబెట్టి అడగండి. రాత్రి లేచేటప్పుడు కళ్ళు తిరిగాయా? పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ చూడండి, లేవగానే బాగా పడిపోతుంటే మందుల డోసు మార్చాల్సి ఉంటుంది. నిద్రమాత్రలు వాడుతున్నారా, కంటిలో శుక్లం ఉందా, అరికాళ్ళలో స్పర్శ తగ్గిందా, ఇవన్నీ ఒక్కొక్కటిగా సరిచెయ్యదగ్గవే. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా చిన్న లైటు, బాత్రూంలో పట్టుకోవడానికి గోడకి గట్టిగా బిగించిన రాడ్డు, జారని మ్యాట్, వెనక పట్టీ ఉన్న చెప్పులు. టవల్ తగిలించే రాడ్డు పట్టుకోవడానికి పనికిరాదు, బరువు పడితే ఊడొస్తుంది. ఈ వారంలోనే ఆ రాడ్డు బిగించే మనిషిని పిలిపించండి, స్కాన్ అపాయింట్‌మెంటు కూడా అదే రోజు తీసుకోండి.